సీలో సమయం చివర +0530 వస్తోంది, +05:30 కావాలి

చిత్రావతి (అనంతపురం):

అందరికీ నమస్కారం. సౌర విద్యుత్ ప్లాంట్ల దగ్గర అమర్చే డేటా లాగర్లకు సీ భాషలో ప్రోగ్రాములు రాయడం నా పని. లినక్స్ నడిచే చిన్న బోర్డు, ఇన్వర్టర్ నుంచి దానికి ఒక ఆర్‌ఎస్-485 తీగ. మోడ్‌బస్ అనే పరికరాల సంభాషణ పద్ధతిలో వచ్చే రీడింగులను ఐదు నిమిషాలకొకసారి సర్వర్‌కు పంపాలి. ప్రస్తుతం ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లు పైకప్పు మీద వేసిన పలకలకు దీన్ని సిద్ధం చేస్తున్నాను.

సర్వర్ మాది కాదు. ప్రతి రీడింగు పక్కన సమయం ఆర్‌ఎఫ్‌సీ 3339 (ఇంటర్నెట్‌లో తేదీ, సమయం రాసే ప్రమాణం) ప్రకారం ఉండాలనీ, యూటీసీతో (ప్రపంచ ప్రామాణిక సమయంతో) ఉన్న తేడా, అంటే ఆఫ్‌సెట్ కూడా రాయాలనీ దాన్ని నడిపేవాళ్లు ఇచ్చిన పత్రంలో ఉంది. నేను టైమ్ ఫంక్షన్‌తో సెకన్లు తీసుకుని, లోకల్‌టైమ్_ఆర్‌తో విడగొట్టి, సమయాన్ని కోరిన రూపంలో రాసే ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌కు ఇస్తున్నాను. ఫార్మాట్ చివర శాతం గుర్తు, దాని పక్కన చిన్న జెడ్. బయటికి వచ్చే వరుస చివరి భాగం ఇలా ఉంటోంది:

09:15:00+0530

దీన్ని సర్వర్ 400 (తప్పు అభ్యర్థన) అని తిప్పికొడుతోంది. అదే వరుసలో 05కీ 30కీ మధ్య చేత్తో కోలన్ పెట్టి పంపితే మారుమాట లేకుండా తీసుకుంటోంది.

టెర్మినల్‌లో డేట్ ఆదేశానికి శాతం గుర్తుకూ జెడ్‌కూ మధ్య కోలన్ పెట్టి ఇస్తే +05:30 అని చక్కగా వస్తోంది. అదే ఫార్మాట్ నా సీ ప్రోగ్రాములో పెడితే ఆ మూడు గుర్తులూ ఉన్నవి ఉన్నట్టే అచ్చవుతున్నాయి. ఇది ఎందుకో అర్థం కాలేదు.

నాకు తెలియాల్సినవి ఇవి. కోలన్‌తో సహా ఇచ్చే అక్షరం సీలో ఏదైనా ఉందా? లేకపోతే వచ్చిన వరుసలోనే కోలన్ చొప్పించడం మంచిదా, ఆఫ్‌సెట్‌ను విడిగా లెక్కకట్టి రాయడం మంచిదా? సెకన్ల తరువాత మిల్లీసెకన్లు కూడా కావాలంటున్నారు, అవి ఎక్కడ పెట్టాలి? ఇదే ప్రోగ్రాము తరువాత నేపాల్‌లో ఒక ప్లాంటుకు వెళ్తుంది. కాబట్టి అక్కడికి వెళ్లాక మళ్లీ తెరిచి దిద్దే అవసరం రాకుండా రాయాలని ఉంది.


హంద్రీనీవా (కర్నూలు):

చిత్రావతి గారూ, ఇంత ఆలోచన అక్కరలేదు. మన దేశమంతటికీ ఒకటే సమయం. వేసవిలో గడియారం ముందుకు జరపడం, చలికాలంలో వెనక్కి తిప్పడం మనకు లేవు. ఫార్మాట్‌లో చిన్న జెడ్ తీసేసి, ఆ చోట +05:30 అని నేరుగా రాసేయండి. నేపాల్‌కు వెళ్లినప్పుడు +05:45 అని మార్చుకుంటే సరిపోతుంది. నేను నీటి మీటర్ల ప్రోగ్రాములో ఇలాగే పెట్టాను, బాగానే నడుస్తోంది.


పెన్నాగట్టు (కడప):

చిత్రావతి గారూ, ముందు సూటిగా జవాబు చెబుతాను. సీ ప్రమాణంలో కోలన్‌తో ఆఫ్‌సెట్ ఇచ్చే అక్షరం లేదు. చిన్న జెడ్ 1999 ప్రమాణంతో ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌లోకి వచ్చింది. గుర్తు, నాలుగు అంకెలు, అంతవరకే దాని బాధ్యత. టెర్మినల్‌లోని డేట్ ఆదేశం గ్నూ (లినక్స్‌తో వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు) వారిది, కోలన్ జెడ్ వాళ్లు తమ ఆదేశానికి సొంతంగా కలుపుకున్న సౌకర్యం. సీ లైబ్రరీకి ఆ గుర్తు తెలియదు కాబట్టి తెలియని మాటను తెలియనట్టే అచ్చు వేసింది.

సర్వర్ పట్టుదలలో న్యాయం ఉంది. ఐఎస్‌ఓ 8601లో రెండు తీర్లు ఉన్నాయి. తేదీలో గీతలు, సమయంలో కోలన్లు లేకుండా అంకెలన్నీ కలిపి రాసేది ఒకటి. వాటితో విడదీసి రాసేది రెండోది. మొదటిదానికి +0530 సరైనదే. గంటలకూ నిమిషాలకూ మధ్య కోలన్ పెట్టినప్పుడు ఆఫ్‌సెట్‌లోనూ కోలన్ ఉండాలి. 2002లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3339 ఈ రెండో తీరునే తీసుకుంది. మీ వరుసలో మొదటి సగం ఒక తీరు, చివర మరో తీరు. కొన్ని సర్వర్లు చూసీ చూడనట్టు పోనిస్తాయి, మీది పోనివ్వడం లేదు.

ఇక ఎలా రాయాలన్నది. కోలన్ చొప్పించడం తప్పు కాదు, చిన్న పనికి చాలు కూడా. అయితే బఫర్ కొలత చూసుకోవాలి. తేదీ, మధ్య టీ అక్షరం, సమయం, నాలుగంకెల ఆఫ్‌సెట్ కలిపి 24 అక్షరాలు, ముగింపు సున్నాతో 25. కోలన్ చేరితే 26. సరిగ్గా 25 బైట్లు పెట్టుకున్నవాళ్ల ప్రోగ్రాము కోలన్ చొప్పించే రోజున పక్క వేరియబుల్ మీదికి పోతుంది. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్ తిరిగి ఇచ్చే సంఖ్యను కూడా తప్పకుండా చూడండి. బఫర్ చాలకపోతే అది సున్నా ఇస్తుంది, అప్పుడు బఫర్‌లో ఏముందో ఎవరూ హామీ ఇవ్వరు. ఆ సున్నాను పట్టించుకోకుండా బఫర్‌ను అలాగే పంపేసే ప్రోగ్రాములు చాలా చూశాను.

మీకు మిల్లీసెకన్లు కూడా కావాలి కాబట్టి రెండో దారే మేలు. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌తో సెకన్ల వరకు రాయించండి, అక్కడి నుంచి ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్‌తో మీరు రాయండి. మిల్లీసెకన్లు సెకన్లకూ ఆఫ్‌సెట్‌కూ మధ్య రావాలి. ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌కు సెకనులో భాగం అంటూ ఏదీ తెలియదు, అది పనిచేసే టీఎం స్ట్రక్చర్‌లో అందుకు చోటే లేదు. టైమ్ ఫంక్షన్ బదులు క్లాక్_గెట్‌టైమ్‌ను ఒక్కసారే పిలిచి, సెకన్లూ నానోసెకన్లూ ఆ ఒక్క జవాబు నుంచే తీసుకోండి. సెకన్లకు ఒకసారి, భాగానికి మరోసారి పిలిస్తే సెకను మారే అంచున ఒక రీడింగు దాదాపు సెకను వెనక్కి పడుతుంది. మిల్లీసెకన్లను మూడు అంకెలకు ముందు సున్నాలతో నింపండి. 7 మిల్లీసెకన్లను చుక్క పక్కన ఉత్త 7గా రాస్తే చదివేవాళ్లకు అది 700 అవుతుంది.

ఆఫ్‌సెట్ కోసం టీఎం స్ట్రక్చర్‌లో టీఎం_జీఎంటీఆఫ్ అనే సభ్యుడు ఉంటుంది. యూటీసీకి తూర్పున ఎన్ని సెకన్లో చెబుతుంది. మనకు 19800. చాలాకాలం ఇది బీఎస్‌డీల్లో (యూనిక్స్ కుటుంబపు వ్యవస్థల్లో), గ్నూ లైబ్రరీలో ఉన్న అదనపు సౌకర్యం మాత్రమే, యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోకి 2024లో వచ్చింది. కంపైలర్‌కు కచ్చితమైన సీ99 మాత్రమే కావాలని చెబితే గ్నూ హెడర్ ఈ పేరును దాచేస్తుంది, అప్పుడు డీఫాల్ట్ సోర్స్ మాక్రోను మొదటి హెడర్ కన్నా ముందే నిర్వచించుకోవాలి. లెక్క ఇలా:

తేడా = టీఎం.టీఎం_జీఎంటీఆఫ్
గుర్తు = (తేడా < 0) ? '-' : '+'
తేడా < 0 అయితే తేడా = -తేడా
గంటలు = తేడా / 3600
నిమిషాలు = తేడా / 60 % 60

తరువాత గుర్తు, రెండంకెల గంటలు, కోలన్, రెండంకెల నిమిషాలు. గుర్తును మొదటే విడదీయడం ముఖ్యం. మన దగ్గర కూర్చుని రాస్తే ఎప్పుడూ ప్లస్సే కనిపిస్తుంది కాబట్టి ఈ వరుస తారుమారైనా ఏళ్ల తరబడి బయటపడదు. కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ చలికాలపు ఆఫ్‌సెట్ -03:30, అంటే -12600 సెకన్లు. గుర్తు తీయకుండా భాగిస్తే గంటలు -3, శేషం నుంచి వచ్చే నిమిషాలు -30. అచ్చులో -03:-30 అని పడుతుంది. అంతకన్నా మోసకరమైనది గంటలు సున్నా అయినప్పుడు. లైబీరియా రాజధాని మన్రోవియా 1972 జనవరి వరకు యూటీసీకి 44 నిమిషాల 30 సెకన్లు వెనక నడిచింది. గంటల సంఖ్య నుంచే గుర్తు తీసుకునే ప్రోగ్రాము అక్కడ మైనస్‌ను పోగొట్టుకుంటుంది, ఎందుకంటే సున్నాకు మైనస్ ఉండదు. మీ ప్రోగ్రాము మన్రోవియాకు వెళ్లకపోవచ్చు. పరీక్షకు మాత్రం టీజెడ్‌ను (వ్యవస్థకు టైమ్ జోన్ చెప్పే వేరియబుల్) అక్కడికి మార్చి 1971 తేదీ ఒకటి ఇచ్చి చూడండి.

ఇప్పుడు హంద్రీనీవా గారు చెప్పిన మాట. నేరుగా రాసేస్తే పని జరుగుతుందన్నది నిజమే. ఆ పద్ధతి నాకు ఎందుకు ఇష్టం లేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రశ్నకు అసలు విషయం అదే.

సమయపు అంకెలు ఒక చోటి నుంచి, ఆఫ్‌సెట్ మరో చోటి నుంచి వస్తే ఆ రెండింటికీ పొంతన ఉందని చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అంకెలు బోర్డు టైమ్ జోన్ నుంచి వస్తున్నాయి. ఆఫ్‌సెట్ మీ వేళ్ల నుంచి వస్తోంది. ఇలాంటి బోర్డులు చాలావరకు ఫ్యాక్టరీ నుంచి యూటీసీలోనే వస్తాయి. ఎస్‌డీ కార్డు పాడై, కొత్త కార్డులో వ్యవస్థను తిరిగి ఎక్కించిన మనిషి టైమ్ జోన్ పెట్టడం మరిచిపోతే ఏమవుతుంది? మధ్యాహ్నం 12:21కి తీసిన రీడింగు 06:51 అంకెలతో, పక్కనే +05:30తో బయల్దేరుతుంది. వరుస చూడటానికి నిక్షేపంగా ఉంటుంది. సర్వర్ 400 అనదు, తీసుకుంటుంది. ఐదున్నర గంటల అబద్ధం డేటాబేసులో నిజంగా కూర్చుంటుంది. ఆ తరువాత ఏ రోజు నుంచి ఏ రోజు వరకు అబద్ధమో వెతకడం ఎంత కష్టమో పడినవాళ్లకే తెలుసు.

అదే అంకెలూ ఆఫ్‌సెట్టూ ఒకే లోకల్‌టైమ్_ఆర్ పిలుపు నుంచి వస్తే అదే బోర్డు, అదే మరపుతో, 06:51 పక్కన +00:00 అని రాస్తుంది. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది, కానీ ఆ క్షణం సరైనది. సర్వర్ దాన్ని మన సమయానికి మార్చుకుంటే 12:21 అనే వస్తుంది. ఇంకా ముందుకు వెళ్లి చెబుతాను. ఎవరైనా టీజెడ్‌లో ఐఎస్‌టీ (భారత ప్రామాణిక సమయం) పక్కన మైనస్ 5:30 అని రాయాల్సింది ప్లస్ 5:30 అని రాశారనుకోండి. పోసిక్స్‌లో ఆ గుర్తు తిరగబడి ఉంటుంది. స్థానిక సమయానికి ఎంత కలిపితే యూటీసీ వస్తుందో అది రాయాలి, అందుకే మనకు మైనస్. ప్లస్ రాస్తే బోర్డు 01:21 అని చూపిస్తుంది, ఆఫ్‌సెట్ -05:30 అని రాస్తుంది. అప్పుడూ క్షణం తప్పదు. టైమ్ జోన్ ఎంత పొరపాటుగా ఉన్నా అంకెలకూ ఆఫ్‌సెట్‌కూ మధ్య ముడి తెగనంతవరకు డేటా బతికే ఉంటుంది. ఆ ముడిని మనం చేతులారా తెంచకూడదని నా పట్టుదల. నా దగ్గర సీ నేర్చుకునే పిల్లలకు కూడా ఇదే గట్టిగా చెబుతాను.

మనకు ఎప్పుడూ ఐదున్నరే అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్కించే భారత ప్రామాణిక సమయం 1906 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గడియారాలను గంట ముందుకు జరిపి +06:30 నడిపారు. టైమ్ జోన్ డేటాబేసులో ఆసియా/కోల్‌కతా కింద ఇదంతా ఉంది. 1943 తేదీ ఒకటి లోకల్‌టైమ్_ఆర్‌కు ఇస్తే టీఎం_జీఎంటీఆఫ్ 23400 వస్తుంది. 1905 తేదీ ఇస్తే మద్రాసు సమయం, యూటీసీ కన్నా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందు. ఆర్‌ఎఫ్‌సీ 3339 ఆఫ్‌సెట్‌లో సెకన్లకు చోటు లేదు కాబట్టి ఆ పది సెకన్లు రాయలేము. సౌర లాగర్‌కు ఈ తేదీలతో పని లేదు. పాత జనన నమోదులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాము రాసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు పని ఉంటుంది.

చివరగా ఆదోని ప్లాంటుకు మీ చేతిలో ఉన్న మంచి పరీక్ష ఒకటి చెబుతాను. ఆదోని రేఖాంశం 77.3 డిగ్రీల దగ్గర. ప్రామాణిక రేఖాంశం 82.5 మన కాకినాడ వైపు పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఆదోనిలో సూర్యుడు నడినెత్తికి చేరడం సగటున 12:21 ప్రాంతంలో. సగటు అనడానికి కారణం ఉంది. భూమి కక్ష్య దీర్ఘవృత్తం కావడం, అక్షం వాలి ఉండటం వల్ల ఇది ఏడాదిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. నవంబరు మొదటి వారంలో 12:05కు, ఫిబ్రవరి మధ్యలో 12:35కు దగ్గరగా వస్తుంది. మబ్బు లేని రోజున, దక్షిణం వైపు వాల్చిన పలకల ఉత్పత్తి గ్రాఫు శిఖరం ఈ హద్దుల్లోనే ఉండాలి. సర్వర్ తెర మీద శిఖరం ఉదయం ఏడు ప్రాంతంలో కనిపించినా, సాయంత్రం ఆరు ప్రాంతంలో కనిపించినా ఆఫ్‌సెట్ ఎక్కడో తెగిందని అర్థం. ఏ లాగ్ ఫైలూ ఇంత నమ్మకంగా చెప్పదు.


హంద్రీనీవా (కర్నూలు):

పెన్నాగట్టు గారూ, వివరంగా రాశారు, ధన్యవాదాలు. అంకెలకూ ఆఫ్‌సెట్‌కూ ముడి ఉండాలన్న మాట ఒప్పుకుంటాను. అయితే దానికి నాకు ఇంకా తేలికైన దారి కనిపిస్తోంది. లోకల్‌టైమ్ జోలికే పోకుండా జీఎంటైమ్_ఆర్‌తో యూటీసీ అంకెలు తీసుకుని, చివర యూటీసీ అని తెలిపే పెద్ద జెడ్ అక్షరం ఒకటి రాస్తే చాలు కదా? ఆర్‌ఎఫ్‌సీ 3339 దాన్ని ఒప్పుకుంటుంది. టైమ్ జోన్ ఫైళ్లు అక్కరలేదు, టీజెడ్ అక్కరలేదు, నేపాల్ గొడవా లేదు.


పెన్నాగట్టు (కడప):

మంచి ప్రతిపాదన. సర్వర్ ఒప్పుకునే పక్షంలో నా ఓటు కూడా దానికే. అక్కడ జెడ్ మనం చేత్తో రాసినా ముడి తెగదు, ఎందుకంటే జీఎంటైమ్_ఆర్ ఇచ్చేది ఎప్పుడూ యూటీసీయే.

రెండు మాటలు గుర్తుంచుకోవాలి. చిత్రావతి గారి పత్రంలో తేడా కూడా రాయాలని ఉంది. అంటే అవతలివాళ్లకు ఆ ప్లాంటు దగ్గర గడియారం ఎంత చూపిస్తోందో కూడా కావాలేమో, అడిగి తెలుసుకోవాలి. రోజువారీ మొత్తం కట్టేటప్పుడు ఇది పైకి వస్తుంది. యూటీసీ రోజు మనకు తెల్లవారుజామున 5:30కు మారుతుంది. ఆదోనిలో ఏ కాలంలోనూ ఐదున్నరకు సూర్యుడు ఉదయించడు కాబట్టి పలకల ఉత్పత్తి మొత్తం ఎలా కట్టినా ఒకటే వస్తుంది. కానీ జిన్నింగ్ మిల్లు పత్తి సీజన్‌లో రాత్రి షిఫ్టు కూడా నడుస్తుంది. అదే లాగర్‌తో మిల్లు వాడకాన్ని కూడా కొలుస్తుంటే అర్ధరాత్రి నుంచి ఐదున్నర వరకు వాడిన యూనిట్లు నిన్నటి లెక్కలోకి పోతాయి. మిల్లు యజమాని తన మీటరు పుస్తకంతో పోల్చినప్పుడు రెండూ కలవవు.

రెండోది, జీఎంటైమ్_ఆర్ తరువాత ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌కు చిన్న జెడ్ ఇవ్వకండి. టీఎం_జీఎంటీఆఫ్ లేని వ్యవస్థల్లో ఆ స్ట్రక్చర్ యూటీసీదని గుర్తుపట్టే మార్గం ఉండదు, అవి యూటీసీ అంకెల పక్కన స్థానిక ఆఫ్‌సెట్ తగిలిస్తాయి. పెద్ద జెడ్ అంటే ఫార్మాట్‌లో శాతం గుర్తు లేకుండా రాసే మామూలు అక్షరం. శాతం గుర్తుతో పెద్ద జెడ్ ఇస్తే ఐఎస్‌టీ లాంటి పొట్టి పేరు వస్తుంది. ఆ మూడక్షరాలు మనవే కాదు, ఇజ్రాయెల్‌వీ ఐర్లాండ్‌వీ కూడా. వాటిని డేటాలో ఎప్పుడూ పెట్టకూడదు.


చిత్రావతి (అనంతపురం):

పెన్నాగట్టు గారికీ హంద్రీనీవా గారికీ కృతజ్ఞతలు. అవతలివాళ్లను అడిగాను. ప్లాంటు దగ్గరి గడియారమే కావాలన్నారు, రోజువారీ నివేదిక దాని మీదే కడతారట. కాబట్టి టీఎం_జీఎంటీఆఫ్‌తోనే రాశాను. ఇప్పుడు చివరి భాగం ఇలా వస్తోంది, సర్వర్ తీసుకుంటోంది:

09:15:00.007+05:30

నేపాల్, న్యూఫౌండ్‌ల్యాండ్, మన్రోవియా మూడింటితోనూ పరీక్షించాను. వరుసగా +05:45, -03:30, -00:44 వచ్చాయి.

ఒక వింత చూశాను. ఇంకొక బోర్డులో టీజెడ్ ఆసియా/కోల్‌కతా అనే పెట్టి ఉంది. అయినా ఆఫ్‌సెట్ +00:00 వస్తోంది, జోన్ పేరు అడిగితే ఆసియా అని వస్తోంది!

ఇంకొక ప్రశ్న. సర్వర్ తన జవాబులో తరువాతి సారి ఎప్పుడు పంపాలో సమయం ఇస్తుంది. దాని ఆఫ్‌సెట్ వాళ్ల దేశానిది, ఉదాహరణకు 06:00:00+02:00. ఎస్‌టీఆర్‌పీటైమ్‌తో చదివి, అంకెలను సెకన్లుగా మార్చే ఎంకేటైమ్‌కు ఇస్తే మూడున్నర గంటలు తేడాగా వస్తోంది. ఆఫ్‌సెట్ చదివినట్టే ఉంది, టీఎం_జీఎంటీఆఫ్‌లో 7200 కనిపిస్తోంది.


తుంగభద్ర (కర్నూలు):

ఈ రెండూ నేను చెబుతాను, మా పనిలో రోజూ ఉండేవే.

ఆ రెండో బోర్డులో టైమ్ జోన్ ఫైళ్లు లేవు. స్థలం ఆదా కోసం చిన్న వ్యవస్థల్లో ఆ ప్యాకేజీని తీసేస్తుంటారు. ఫైలు దొరక్కపోతే గ్నూ లైబ్రరీ తప్పు అని చెప్పదు. ఆ పేరునే పోసిక్స్ తరహా వరుసగా చదవబోతుంది, ముందున్న ఆసియాను జోన్ పేరు అనుకుంటుంది, తేడా కనిపించక యూటీసీ అని తీర్మానిస్తుంది. టైమ్ జోన్ డేటా ప్యాకేజీని పెట్టండి. పెట్టే చోటు లేకపోతే పెన్నాగట్టు గారు చెప్పిన తరహా వరుస వాడండి, మన దేశానికి మైనస్ 5:30, నేపాల్‌కు మైనస్ 5:45, ఇప్పటి తేదీలకు అది సరిపోతుంది. గడియారం మార్చే దేశాలకు ఫైళ్లు పెట్టడమే మంచిది. ఏది చేసినా ప్రోగ్రాము మొదలవగానే ఆఫ్‌సెట్‌ను లాగ్‌లో ఒక వరుసగా రాయించండి. సైటుకు వెళ్లిన మనిషి మొదట చూసేది అదే కావాలి.

ఎంకేటైమ్ విషయం. అది టీఎం_జీఎంటీఆఫ్‌ను చదవదు. ఇచ్చిన అంకెలు బోర్డు ఉన్న చోటి సమయమనే అనుకుంటుంది. అది ఆరు గంటలను మన ఆరు గంటలు అనుకుని 00:30 యూటీసీ అని లెక్కకట్టింది, నిజానికి 04:00 యూటీసీ. మీకు కనిపించిన మూడున్నర గంటలు అక్కడివే. పైగా తిరిగి వచ్చేటప్పుడు టీఎం_జీఎంటీఆఫ్‌ను మన 19800తో తిరగరాస్తుంది. అందుకని ఎస్‌టీఆర్‌పీటైమ్ చదివిన వెంటనే ఆ 7200ను వేరే వేరియబుల్‌లోకి తీసి పెట్టుకోండి, అంకెలను యూటీసీవిగా చదివే టైమ్‌జీఎంకు ఇవ్వండి, వచ్చిన సెకన్ల నుంచి 7200 తీసేయండి. కలపకూడదు, తీసేయాలి. ఆఫ్‌సెట్ ప్లస్ అంటే ఆ గడియారం యూటీసీ కన్నా ముందుందని, వెనక్కి రావాలంటే తగ్గించాలని. టైమ్‌జీఎం చాలాకాలంగా లినక్స్‌లో, బీఎస్‌డీల్లో ఉంది, సీ23తో ప్రమాణంలోకి కూడా వచ్చింది.

విండోస్ మీద ఎప్పుడైనా ఇదే ప్రోగ్రాము నడపాల్సి వస్తే టీఎం_జీఎంటీఆఫ్ అక్కడ ఉండదు. పాత మైక్రోసాఫ్ట్ లైబ్రరీల్లో చిన్న జెడ్ కూడా అంకెలకు బదులు జోన్ పేరును పొడుగ్గా ఇచ్చేది. అక్కడ ఒకే క్షణాన్ని లోకల్‌టైమ్‌తో విడగొట్టి, ఆ అంకెలనే యూటీసీగా భావించి టైమ్‌జీఎంకు సమానమైన ఎంకేజీఎంటైమ్‌కు ఇచ్చి, అసలు సెకన్లను తీసేస్తే మిగిలేదే ఆఫ్‌సెట్. ఆ ఫంక్షన్ పేరుకు ముందు ఒక అండర్‌స్కోరు ఉంటుంది.


పెన్నాగట్టు (కడప):

తుంగభద్ర గారు చెప్పిన దానికి ఒకటే కలుపుతాను. చిత్రావతి గారూ, సౌర ప్లాంట్ల ఒప్పందాలు సాధారణంగా 25 ఏళ్లకు ఉంటాయి. ఇప్పుడు పెట్టే బోర్డు ఒప్పందం చివరి దాకా ఉండకపోవచ్చు, మీ ప్రోగ్రాము మాత్రం కొత్త బోర్డుల్లోకి ఎక్కుతూ పోతుంది. బోర్డు 32 బిట్లదైతే, సెకన్ల లెక్కను దాచే టైమ్_టీ రకం ఎన్ని బైట్లో అచ్చు వేసి చూడండి. నాలుగైతే 2038 జనవరి 19న, మన గడియారంలో ఉదయం 8:44:07 తరువాత, అది 1901లోకి పోతుంది. అప్పుడు మీ ఆఫ్‌సెట్ +05:21 అవుతుంది.


చిత్రావతి (అనంతపురం):

నాలుగే వచ్చింది. బోర్డులో గ్నూ లైబ్రరీ 2.34 ఉంది కాబట్టి టైమ్ బిట్స్ 64, ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్ 64 అని రెండు మాక్రోలూ ఇచ్చి మొత్తం ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేశాను, ఎనిమిది అయింది. మోడ్‌బస్ లైబ్రరీని కూడా అవే మాక్రోలతో తిరిగి కట్టాను, లేకుంటే రెండింటి మధ్య టైమ్‌వాల్ స్ట్రక్చర్ కొలతలు కలవవు. టైమ్‌జీఎంతో సర్వర్ సమయం సరిగ్గా వస్తోంది. రెండో బోర్డులో టైమ్ జోన్ ప్యాకేజీ పెట్టించాను, +05:30 వచ్చింది. ఈ రూపంలోనే ఆదోనికి పంపుతున్నాను.